మహద్: చెరువు ముందా, ఊరు ముందా?

చౌదార్ చెరువును మొదటిసారి చూసిన రోజున మా విద్యార్థుల ముఖాల్లో ఒక చిన్న నిరాశ కనిపించింది. ముంబయి నుంచి గోవా రహదారి మీద బస్సులో గంటల తరబడి ప్రయాణించి, కొంకణ కొండల నడుమ ఉన్న మహద్ పట్టణంలో దిగి, బజారు సందుల్లోంచి నడిచి అక్కడికి చేరుకున్నాం. ఒక అమ్మాయి నా వైపు తిరిగి, "ఇంతేనా సార్?" అంది. నాలుగైదు ఎకరాల నీరు. చుట్టూ రోడ్డు. రోడ్డుకు ఆవల ఇళ్ళు. మా జిల్లాల్లో ఒక మోస్తరు గ్రామానికి ఉండే చెరువు కూడా దీనికంటే పెద్దదే. పుస్తకాల్లో చదివిన మహద్ వాళ్ళ ఊహలో ఒక మహాసరస్సు ఒడ్డున ఉంది.

ఆ నిరాశ నాకు ఉపయోగపడింది. మనకు మహద్ అంటే 1927లో రెండు తేదీలు మాత్రమే. మార్చి 20న అంబేడ్కర్ చెరువు నీటిని తాగడం, డిసెంబర్ 25న మనుస్మృతిని దహనం చేయడం. ఆ రెండు రోజులకు వేదికగా నిలిచిన ఊరికి ముందూ వెనకా ఒక చరిత్ర ఉందని మన పాఠాల్లో ఉండదు. ఆ పోరాటం అక్కడే ఎందుకు పుట్టింది? కొంకణంలో చెరువులు లేక కాదు, అస్పృశ్యత లేని ఊరు లేకా కాదు. దీనికి జవాబు ఊరిలో దొరుకుతుంది, చెరువులో కాదు.

మహద్ సావిత్రి నది ఒడ్డున, గాంధారి నది వచ్చి దానిలో కలిసే చోటుకు దగ్గరగా ఉంది. పట్టణానికి కాస్త దూరంలో గాంధార్‌పాలె కొండను తొలిచి చేసిన బౌద్ధ గుహలు సుమారు ముప్పై ఉన్నాయి. క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటివి. బౌద్ధ విహారాలు వర్తక మార్గాల పక్కనే వెలిశాయన్నది మనకు అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల చెప్పిన పాఠమే. సముద్రపు పోటు సావిత్రిలో పైకి ఎగదన్నేటప్పుడు పడవలు లోనికి రాగలిగేవి. ఇటు వరంధా కనుమ మీదుగా భోర్‌కూ, పుణెకూ బాట ఉంది. పీఠభూమి సరుకు దిగడానికీ, తీరపు సరుకు ఎక్కడానికీ మధ్యలో ఉన్న మజిలీ మహద్. అంటే పుట్టుకతోనే అది బాటసారుల ఊరు.

తర్వాత రాయగఢ్ వచ్చింది. శివాజీ తన రాజధానిగా చేసుకున్న ఆ కోట మహద్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1674లో అక్కడ పట్టాభిషేకం జరగడానికి ముందు, ఆయన క్షత్రియుడా కాదా అన్న వివాదం రేగిందనీ, కాశీ నుంచి గాగాభట్టును రప్పించవలసి వచ్చిందనీ చరిత్ర విద్యార్థులకు తెలుసు. అంతటి రాజుకే వర్ణ ధ్రువీకరణ పత్రం అవసరమైన నేల అది. పీష్వాల కాలం చివర్లో మహద్ మరొకసారి రాజకీయాల్లోకి వచ్చింది. ఖర్దా యుద్ధంలో నిజాం ఓడిన మరుసటి సంవత్సరం, 1796లో, నానా ఫడ్నవీస్ నిజాం పక్షంతో కుదుర్చుకున్న ఒప్పందానికి ఈ ఊరి పేరే ఉంది. హైదరాబాద్ చరిత్ర చదివేవాళ్ళు ఆ పేరును చూసి దాటిపోతారు. 1818లో బ్రిటిష్ పాలన రావడంతో ఈ రాజసం ముగిసింది. మహద్ కొలాబా జిల్లాలో ఒక తాలూకా కేంద్రంగా మిగిలింది. ఆ జిల్లా పేరు రాయగఢ్ అయింది 1981లో.

తాలూకా కేంద్రం అన్న ఈ పొడి మాటలోనే అసలు విషయం ఉంది. తాలూకా కేంద్రం అంటే కచేరీ, కోర్టు, బజారు, ఇంగ్లీషు బడి, 19వ శతాబ్దం ద్వితీయార్ధం నుంచి మునిసిపాలిటీ. చుట్టుపక్కల గ్రామాల మహర్లు అక్కడికి రాక తప్పదు. వెట్టి గ్రామసేవకులుగా సర్కారు కాగితాలను కచేరీకి మోసుకు రావాలి. వసూలైన శిస్తు అప్పగించాలి. ఉప్పూ, గుడ్డా, కిరసనాయిలూ కొనుక్కోవాలి. వాళ్ళ కాళ్ళు ఊరికి అవసరం, వాళ్ళ చేతుల్లోని పైసలూ అవసరం. వాళ్ళ దాహంతో మాత్రం ఊరికి పని లేదు. ఊరి బయట అస్పృశ్యుల వాడలో ఒక బావి ఉండేదనీ, పని మీద వచ్చినవాళ్ళు గుక్కెడు నీళ్ళకు అంతదూరం పోవలసి వచ్చేదనీ అంబేడ్కర్ స్వయంగా రాశారు. బజారు నడిబొడ్డున ఉన్న చౌదార్ చెరువులో నీళ్ళున్నాయి. ఆ పేరుకు అర్థమే రుచికరమైన నీరు.

గ్రామంలో అయితే కులం ఎవరి రేవు ఏదో, ఎవరి దారి ఏదో శతాబ్దాల కిందటే తేల్చేసింది. పట్టణం అలా తేల్చలేకపోయింది. కచేరీ గుమ్మం అందరిదీ, బజారు వీధి అందరిదీ, పన్ను అందరిదీ, నీళ్ళు కొందరివి. ఈ పొంతన లేనితనం రోజూ కళ్ళకు కనబడేది పట్టణంలోనే. మహద్‌లో తిరుగుబాటు పుట్టడానికి మొదటి కారణం ఇదే అని నా అభిప్రాయం.

రెండో కారణం సైన్యం. కొంకణ మహర్లలో ఎందరో ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి సిపాయిలుగా పనిచేశారు. కంటోన్మెంటు బడుల్లో నాలుగు అక్షరాలు నేర్చుకుని, పింఛను తీసుకుని ఊళ్ళకు తిరిగి వచ్చారు. మహద్ దగ్గరి రావ్‌డళ్ గ్రామానికి చెందిన గోపాల్ బాబా వలంగ్‌కర్ అలాంటి మాజీ సైనికుడే. 1888లో అస్పృశ్యత మీద మరాఠీలో 'విటాళ విధ్వంసక్' అనే పుస్తకం రాశారు. మహర్లను సైన్యంలో చేర్చుకోవడం నిలిపివేసినప్పుడు దానికి వ్యతిరేకంగా విజ్ఞప్తి తయారుచేశారు. 1895లో ఆయనను మహద్ తాలూకా లోకల్ బోర్డుకు ప్రభుత్వం నియమిస్తే, పక్కన కూర్చోవడానికి సవర్ణ సభ్యులు అభ్యంతరపడ్డారు. అంబేడ్కర్‌కు అప్పటికి నాలుగేళ్ళు. మహద్ పోరాటానికి తొలి అధ్యాయం అక్కడ ఉంది. మనం రెండో అధ్యాయం నుంచి చదువుతున్నాం.

అంబేడ్కర్ కూడా ఈ ప్రాంతానికి పరాయివాడు కాదు. ఆయన పూర్వికుల గ్రామం అంబడవే మహద్‌కు ఎంతో దూరం లేదు. ఆయనను మహద్‌కు పిలిచినవాళ్ళలో ముఖ్యుడు రామచంద్ర బాబాజీ మోరే, స్థానిక యువకుడు. తర్వాతి కాలంలో ఆయన కమ్యూనిస్టు అయ్యారు. బడిలో చోటు కోసం బాల్యంలోనే అధికారులకు అర్జీ పెట్టుకున్నవాడు. మహద్ బజారుకు వచ్చే అస్పృశ్యులు కూర్చుని నీళ్ళూ టీ తాగగలిగే ఒక చిన్న దుకాణం అప్పట్లో వెలిసింది. మోరే దానిని మాటామంతీకీ, పత్రికలు చదివి వినిపించడానికీ నెలవుగా మార్చుకున్నారు. ఉద్యమాల చరిత్రలో టీ దుకాణాలకు దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదు.

ఇక మూడోది కాగితం. 1923 ఆగస్టులో ఎస్.కె. బోలే బొంబాయి శాసనమండలిలో ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. ప్రజాధనంతో కట్టిన, నిర్వహిస్తున్న బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు అస్పృశ్యులకు తెరవాలన్నది దాని సారం. మండలి ఆమోదించింది. దానిని అనుసరించి మహద్ మునిసిపాలిటీ 1924 జనవరిలో చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానించింది. కాయస్థ ప్రభు కులానికి చెందిన సురేంద్రనాథ్ టిప్నిస్, అనంతరావ్ చిత్రే వంటి వాళ్ళు అంబేడ్కర్ వెంట నిలిచారు. టిప్నిస్ మునిసిపాలిటీ అధ్యక్షుడిగా కూడా పనిచేసినవారు. మరి తీర్మానం అయిన తర్వాత ఏం జరిగింది? మూడేళ్ళపాటు ఏమీ జరగలేదు. తీర్మానం రికార్డులో ఉంది, చెరువు చెరువు దగ్గర ఉంది. ఒక్క అస్పృశ్యుడు కూడా ఆ మెట్లు దిగలేదు, దిగనిస్తారన్న నమ్మకం లేక. జీవోలు చదివి సంబరపడే మన తరానికి ఈ మూడేళ్ళ విరామం గురించి తప్పక చెప్పాలని నాకు అనిపిస్తుంది.

1927 మార్చి 19, 20 తేదీల వృత్తాంతం మీకు తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. కొలాబా జిల్లా బహిష్కృతుల పరిషత్తుకు వేలమంది వచ్చారు. వాళ్ళు తాగడానికి నలభై రూపాయలు పెట్టి నీళ్ళు కొనవలసి వచ్చింది. చెరువు ఉన్న ఊళ్ళో, ఆ చెరువును తెరిచామని మునిసిపాలిటీ చెప్పిన ఊళ్ళో. రెండోరోజు ఊరేగింపుగా వెళ్ళి నీళ్ళు తాగారు. కొద్ది గంటల్లోనే, వీళ్ళు వీరేశ్వరాలయంలోకి కూడా చొరబడతారట అని పుకారు లేచింది. భోజనాలు చేస్తున్నవారి మీద దాడి జరిగింది. కొందరు ముస్లింల ఇళ్ళలో తలదాచుకున్నారు. ఆ తర్వాత నూట ఎనిమిది కుండల నీళ్ళు తోడి, ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి, మంత్రాలతో చెరువును "శుద్ధి" చేశారు. ఆగస్టులో మునిసిపాలిటీ తన పాత తీర్మానాన్ని ఉపసంహరించుకుంది. డిసెంబర్‌లో రెండో పరిషత్తుకు అంబేడ్కర్ బృందం స్టీమరులో దాస్‌గావ్ రేవు దాకా వచ్చి, అక్కడి నుంచి మహద్‌కు నడిచింది. సభకు స్థలం ఇవ్వడానికి హిందువులెవరూ ముందుకు రాకపోతే ఫతేఖాన్ అనే ముస్లిం ఇచ్చారు. మనుస్మృతి దహనానికి తీర్మానం ప్రతిపాదించిన గంగాధర్ నీలకంఠ్ సహస్రబుద్ధే పుట్టుకతో బ్రాహ్మణుడు.

ఈ రెండు పరిషత్తుల నడుమ వచ్చిన వ్యాజ్యం గురించి మాత్రం తీరిగ్గా మాట్లాడుకోవాలి. మహద్ సవర్ణులు కొందరు అంబేడ్కర్ మీద, ఆయన సహచరుల మీద సివిల్ దావా వేశారు. చెరువు స్పృశ్యుల సొత్తు, దాని నీటి మీద అస్పృశ్యులకు హక్కు లేదు, వాళ్ళను శాశ్వతంగా నిషేధించండి అన్నది కోరిక. దావా వేసిన వెంటనే తాత్కాలిక నిషేధం తెచ్చుకున్నారు. డిసెంబర్‌లో సత్యాగ్రహాన్ని వాయిదా వేసుకుని, చెరువు చుట్టూ ఊరేగింపుతో సరిపెట్టుకోవలసి వచ్చింది అందుకే. కేసు తొమ్మిదేళ్ళకు పైగా నడిచింది. 1931లో మహద్ కోర్టు, 1933లో ఠాణే అప్పీలు కోర్టు, చివరికి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు వాళ్ళ దావాను కొట్టివేశాయి. నీళ్ళు తాగిన రోజుకు పదేళ్ళు నిండడానికి మూడు రోజులు తక్కువ. హైకోర్టు తీర్పు చెప్పింది జస్టిస్ బ్రూమ్‌ఫీల్డ్. 1922లో అహ్మదాబాద్‌లో గాంధీకి ఆరేళ్ళ శిక్ష వేసిన న్యాయమూర్తి ఆయనే.

ఆ తీర్పును నేను తరగతిలో చరిత్ర పాఠంగా చెబుతాను, న్యాయశాస్త్ర పాఠంగా కాదు. ఎందుకంటే అందులో మహద్ పట్టణం పటం ఉంది. చెరువు చుట్టూ మునిసిపల్ రోడ్లు, వాటి వెనుక సవర్ణ హిందువుల ఇళ్ళు, ఒక మూలన కొద్దిగా ముస్లింల ఇళ్ళు. అస్పృశ్యుల ఇల్లు దరిదాపుల్లో ఒక్కటీ లేదు. కొందరు ఇళ్ళవాళ్ళకు నీటి అంచున జాగాలూ, మెట్లూ ఉన్నాయి. ఇక చెరువు వయసు? రెండు వందల యాభై ఏళ్ళకు తక్కువ ఉండదని మాత్రం తేలింది. ఎవరు తవ్వారు? సాక్ష్యం లేదు. ఐతిహ్యం కూడా లేదు. అసలు తవ్విందో, సహజంగా ఏర్పడిన గుంటో కూడా స్పష్టం కాలేదు.

చెరువు తమదన్న వాదన కింది కోర్టులోనే వీగిపోయింది. అది మునిసిపాలిటీదని తేలింది. మిగిలింది ఆచారం. అనాదిగా మేమే వాడుతున్నాం, వాళ్ళు వాడలేదు, కాబట్టి వాళ్ళు రాకూడదు అన్నది. అనాది అన్న ఒక్క మాట మీద కేసంతా నిలబడింది. న్యాయస్థానం ఆ అనాదిని రుజువు చేయమంది. చేయలేకపోయారు. చెరువుకే ఆది తెలియనప్పుడు ఆచారానికి అనాదిత్వం ఎక్కడి నుంచి వస్తుంది? అదీగాక, చుట్టూ సవర్ణుల ఇళ్ళే ఉన్నచోట సవర్ణులే నీళ్ళు తోడుకున్నారంటే, అది ఎదుటివాణ్ణి వెలివేసే హక్కుకు రుజువు కాదు. ఎవరి ఇళ్ళు ఎక్కడ ఉన్నాయన్న దానికి మాత్రమే రుజువు. కులం తనకు మొదలు లేదని చెప్పుకుని బతుకుతుంది. ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు అని తేదీ అడిగితే తడబడుతుంది. ఒక చిన్న ఊరి చరిత్రను ఓపికగా తవ్వడం ఎందుకు రాజకీయ కార్యమో ఆ కేసు చదివాకే నాకు పూర్తిగా బోధపడింది.

అయితే ఈ విజయాన్ని ఉన్నదానికంటే పెద్దది చేయకూడదు. అస్పృశ్యత తప్పు అని ఆ తీర్పు అనలేదు. ఫలానా ఆచారం రుజువు కాలేదు అంది, అంతే. రేపు మరో ఊళ్ళో పాత దస్తావేజు చూపించి ఎవరైనా రుజువు చేస్తే? ఆ రంధ్రాన్ని పూడ్చింది 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం. పదిహేడో అధికరణం అస్పృశ్యతను రద్దు చేస్తుందని అందరికీ తెలుసు. పదిహేనో అధికరణం రెండో క్లాజు తీసి చూడండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా ఉంటుంది. ఒక దేశపు మౌలిక శాసనంలో చెరువు అనే మాట ఎందుకుందో మహద్ మెట్ల మీద నిలబడి చదివితే తెలుస్తుంది.

మరి ఆ తర్వాత మహద్ ఏమైంది? పడవల కాలం పోయింది. ముంబయి–గోవా రహదారి దాని జీవనాడి అయింది. 1990ల్లో కొంకణ్ రైలు దగ్గరలోని వీర్ దాకా వచ్చింది. రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఊరి పక్కన పారిశ్రామిక వాడను నెలకొల్పింది. రసాయన కర్మాగారాలు వచ్చాయి. వాటితో ఉద్యోగాలూ, వాటితోనే సావిత్రి నది కాలుష్యమూ వచ్చాయి. 2001 జనాభా లెక్కల్లో పాతిక వేలకు లోపే ఉన్న ఊరు తనకు మించిన బరువు మోస్తోంది. 2016 ఆగస్టు 2 రాత్రి సావిత్రి వరదకు బ్రిటిష్ కాలపు రాతి వంతెన కూలి, రెండు బస్సులు కొట్టుకుపోయాయి. 2020 ఆగస్టులో అయిదంతస్తుల భవనం కుప్పకూలింది. 2021 జూలై వరదల్లో పట్టణం మునిగింది. అదే రోజున ఆ తాలూకాలోని తళియే గ్రామం కొండచరియ కింద సమాధి అయింది. మహద్ పేరు దేశం విన్నది మళ్ళీ ఈ వార్తల్లోనే.

ఒకప్పుడు నీటిని ముట్టుకుంటే మైలపడుతుందని కుండల కొద్దీ పంచగవ్యం కలిపిన ఊరు ఇది. ఇప్పుడు అదే ఊరి నదిలోకి ఏ వ్యర్థం కలుస్తోందో అడగడానికి నూట ఎనిమిది మంది కూడా పోగవరేమో అని మా విద్యార్థి ఒకడన్నాడు. కాస్త దుడుకు మాటే. స్థానికంగా అడిగేవాళ్ళు లేకపోలేదు. కానీ మైల అన్న మాటకు మన సమాజం ఏ అర్థం ఇస్తుందో, ఏ అర్థం ఇవ్వదో అన్న అతని ప్రశ్నను నేను కొట్టిపారేయలేకపోయాను.

మా నాయనమ్మ నాకు చిన్నప్పుడు చెప్పిన మాట ఒకటి ఇక్కడ రాయాలి. కోస్తాలోని మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువుకు మా పల్లె ఆడవాళ్ళు కడవలతో వెళ్ళేవారు. రేవులోకి దిగకూడదు. గట్టు కింద కడవలు పెట్టి నిలబడాలి. నీళ్ళకు వచ్చిన ఏ ఇల్లాలికో జాలి కలిగితే పైనుంచి పోసేది. "ఒక్కోరోజు పొద్దు గూకేదాకా పోసేవాళ్ళే రాకపోయేవాళ్ళురా అబ్బాయ్" అనేది. ఎవరినీ తిట్టేది కాదు. వాన పడిందన్నట్టు, పడలేదన్నట్టు చెప్పేది. అది అనాది అని ఆమె కూడా నమ్మింది.

1985 జూలైలో కారంచేడులో జరిగింది కూడా చెరువు దగ్గరే మొదలైంది. మాదిగలు తాగే నీటి చెరువులో గేదెలను కడుగుతుంటే ఒకరు అభ్యంతరం చెప్పారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరునాడు, జూలై 17న, ఊచకోత. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు ఎక్కడికి పరుగెత్తారు? చీరాల పట్టణానికి. అక్కడి శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. మహద్‌లో పట్టణం వెలివేసింది, కారంచేడు బాధితులకు పట్టణం ఆశ్రయమిచ్చింది. నగరం కులాన్ని దానంతటదే కరిగిస్తుందనే వాళ్ళకూ, నగరంలో కూడా అంతా ఇంతే అనే వాళ్ళకూ ఈ రెండు ఊళ్ళను పక్కపక్కన పెట్టి చూడమంటాను. పట్టణం ఏమీ ఇవ్వదు. అడగడానికి ఒక చోటు ఇస్తుంది. అడిగేవాళ్ళుంటే ఆ చోటు పనికొస్తుంది. మహద్‌లో వలంగ్‌కర్ నుంచి మోరే దాకా మూడు తరాలు అడిగాయి.

ఏటా మార్చి 20న, డిసెంబర్ 25న మహద్‌కు వేలాదిగా జనం వస్తారు. క్రాంతి స్తంభం దగ్గర, చెరువు దగ్గర నీలి జెండాలు, పుస్తకాల దుకాణాలు, పాటల బృందాలు. మేం కావాలనే మామూలు రోజున వెళ్ళాం. చెరువు మెట్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక బడిపిల్ల సైకిలు ఆపి ఫోను మాట్లాడుతోంది.

తిరుగు ప్రయాణంలో బజారులో ఒక టీ దుకాణం దగ్గర ఆగాం. మోరే కూర్చున్న దుకాణం ఎక్కడుండేదో తెలుసా అని అడిగితే యజమాని తెలియదన్నాడు. ఎప్పటి మాట అని ఎదురు ప్రశ్న వేశాడు. వందేళ్ళ కిందటిది అన్నాను. నవ్వి, మా బల్ల మీద నీళ్ళ గ్లాసులు పెట్టి, ఎన్ని టీలు అని అడిగాడు.